సిక్కోలు దారుల్లో జీడి చుట్టాలు

శ్రీకాకుళం, అంటే సిక్కోలు, చూడటానికి వచ్చేవాళ్ల ప్లాన్ దాదాపు ఒకేలా ఉంటుంది. పొద్దున్నే అరసవల్లిలో సూర్యనారాయణమూర్తి దర్శనం, అక్కణ్నుంచి శ్రీకూర్మం, ఎండ వాలాక కళింగపట్నం బీచ్. ఓపికుంటే శాలిహుండం కొండ. ఇంకో రోజు చేతిలో ఉంటే శ్రీముఖలింగం, తేలినీలాపురం పక్షులు, బారువ తీరం. తిరుగు ప్రయాణంలో పలాసలో ఆగి కిలో జీడిపప్పు కొనుక్కుని బండెక్కుతారు. విజయనగరం వైపు వెళ్లేవాళ్లదీ ఇదే వరస. కోట, పైడితల్లి అమ్మవారి గుడి, రామతీర్థం, తాటిపూడి రిజర్వాయరు. వేసవి అయితే ఓ బుట్ట మామిడిపళ్లు.

ఈ ప్లాన్‌లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాకపోతే జీడిపప్పు ప్యాకెట్టూ, మామిడిపళ్ల బుట్టా ఇందులో చివరికి వస్తాయి, షాపింగ్ లెక్కలో. నిజానికి ఈ రెండు జిల్లాల మెట్ట నేలల్లో కారు అద్దంలోంచి కనిపించే పచ్చదనంలో పెద్ద వాటా ఆ రెండు చెట్లదే. పైగా ఆ రెండూ ఒకే కుటుంబం. కొండ మీద కాసే సార, పొలం కంచెలో నిలబడ్డ గుంపెన, అడవిలోని నల్లజీడి, అంబాళం కూడా వాటి చుట్టాలే. గుడినీ బీచ్‌నీ చూసి, మధ్య దారిని నిద్రలో దాటేసినవాళ్లు సిక్కోలును సగమే చూసినట్టు.

వృక్షశాస్త్రంలో ఈ కుటుంబాన్ని అనకార్డియేసి అంటారు. ప్రపంచం మొత్తం మీద ఇందులో సుమారు 80 ప్రజాతులు, 800కు పైగా జాతులు ఉన్నాయి. పిస్తా కూడా ఇందులోదే. అంటే పాయసంలోనో హల్వాలోనో పైన చల్లే జీడిపప్పు, పిస్తా, సారపప్పు మూడూ ఒకే ఇంటివి. పక్కనే ఉండే బాదం మాత్రం వీటికి ఏమీ కాదు, అది గులాబీల కుటుంబం.

జీడి అనే మాట

ఇప్పుడు జీడి అనగానే జీడిపప్పే గుర్తొస్తుంది. కానీ ఆ మాట జీడిమామిడి కంటే పాతది. జీడిమామిడి మన చెట్టు కాదు. దాని పుట్టిల్లు బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు దాన్ని మన పడమటి తీరానికి తెచ్చారు. అంతకుముందు నుంచీ తెలుగువాళ్లకు జీడి అంటే నల్లజీడి. కొండ అడవుల్లో పెరిగే ఆ చెట్టు కాయలో నల్లటి రసం ఉంటుంది. చాకిరేవుకు వెళ్లే బట్టలు ఏ ఇంటివో కలిసిపోకుండా ఆ రసంతోనే గుర్తు పెట్టేవాళ్లు. ఎన్ని ఉతుకులకైనా ఆ మచ్చ పోదు. దిష్టికి గుమ్మానికి కట్టే జీడిగింజ కూడా అదే.

సముద్రం దాటి కొత్త చెట్టు వచ్చింది. దాని పిక్కను పగలగొడితే నల్లజీడిలాగే ఒళ్లు కాలే నూనె కారింది. పూత చూస్తే మామిడి పూతలా గుత్తులుగా ఉంది. జనం దానికి జీడిమామిడి అని పేరు పెట్టేశారు. శాస్త్రం చదవనివాళ్లు పెట్టిన ఆ పేరులో ఆ చెట్టు దగ్గరి బంధువులు ఇద్దరూ ఉన్నారు. వంశవృక్షం గీసినా ఇంతకంటే బాగా కుదరదు.

లాటిన్ పేరు వెనక కథ కూడా ఇలాంటిదే. ఐరోపాలో పాతకాలపు మందుల వ్యాపారులు అనకార్డియం అని పిలిచింది మన నల్లజీడినే. దానికి తూర్పు అనకార్డియం అనే పేరూ ఉండేది. లిన్నేయస్ 1753లో జీడిమామిడికి శాస్త్రీయ నామం పెట్టేటప్పుడు ఆ పేరును తీసి దీనికి ఇచ్చాడు, పడమటిది అనే అర్థం వచ్చేలా ఆక్సిడెంటాలె అని చేర్చాడు. పేరు పోగొట్టుకున్న నల్లజీడికి తర్వాత సెమికార్పస్ అనే పేరు వచ్చింది. గుర్తు పెట్టే కాయ అని దాని అర్థం. జాతి పేరుగా మాత్రం అనకార్డియం అన్న పాత మాట దాని వెంట మిగిలింది. తెలుగులో ఒక రకంగా, లాటిన్‌లో ఇంకో రకంగా, రెండు చోట్లా కొత్తగా వచ్చిన చెట్టే పాత చెట్టు పేరు పట్టుకుపోయింది.

జీడి మాట అక్కడితో ఆగలేదు. ఆవకాయకు ముక్కలు కొట్టేటప్పుడు టెంక ఉంచి లోపలి జీడి తీసేస్తారు. జాతరల్లో అమ్మే బెల్లం జీళ్లలో జీడిపప్పు ఒక్క బద్ద కూడా ఉండదు. సాగడమే దాని గుణం. తెగని టీవీ సీరియల్‌ని జీడిపాకం అనడం ఆ పాకాన్ని చూసే. ఈ కుటుంబాన్ని గుర్తుపట్టడానికి కూడా మొదటి ఆనవాలు అంటుకునే గుణమే. ఈ చెట్ల బెరడులో, ఆకులో, కాయలో సన్నటి గొట్టాల్లాంటి దారులుంటాయి. వాటిలో జిగురో, సొనో, నూనో ప్రవహిస్తుంది. గాటు పెడితే కారుతుంది, గాలి తగిలితే నల్లబడుతుంది. మామిడికాయ తొడిమ విరవగానే చిమ్మే సొన పెదవి మీద పడితే పుండు పడేది ఇందువల్లే. నల్లజీడి బట్ట మీద మచ్చగా నిలవడానికీ, జీడిపిక్కలు కొట్టే చేతులు నల్లబడటానికీ కారణం దాదాపు ఒకే రకం రసాయనాలు. జపాన్‌లో చెక్క గిన్నెలకు నల్లటి మెరుపు తెచ్చే లక్క పూత కూడా ఈ కుటుంబంలోని ఇంకో చెట్టు సొనే. మామిడిపండు తింటే మూతి చుట్టూ దద్దుర్లు వచ్చేవాళ్లు ఆ దేశంలో ఆ చెట్టును ముట్టుకోకపోవడమే మంచిది.

పువ్వు కాదు, పూత

పూలు చూడటానికి టూర్ వేసుకునేవాళ్లు ఇటు రారు. నవంబరు, డిసెంబరుల్లో అరకులో వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టు ఉంటాయి, అక్కడ నిలబడి ఫోటో దిగుతారు. మామిడితోటలో, జీడితోటలో ఎవరూ ఫోటో దిగరు. దీనికి కారణం భాషలోనే ఉంది. మామిడి పువ్వు అని ఎవరూ అనరు, మామిడి పూత అంటారు. పువ్వుకు పేరూ, రంగూ, జడలో చోటూ ఉంటాయి. పూతకు అవేవీ ఉండవు. పూత అంటే రాబోయే కాపు లెక్క.

దగ్గరికెళ్లి చూస్తే మాత్రం ఆ చిన్న పువ్వులోనే కుటుంబం గుట్టంతా ఉంటుంది. ఐదు రేకులు. జీడిమామిడిలో అవి విచ్చుకున్నప్పుడు తెల్లగా ఉండి, ఎర్రటి చారలతో వెనక్కి ముడుచుకుంటాయి, పోనుపోను గులాబీ రంగుకు తిరుగుతాయి. లోపల కేసరాలు పదిదాకా ఉన్నా పొడుగ్గా బయటికి తొంగిచూసేది సాధారణంగా ఒక్కటే. మామిడిలోనూ పుప్పొడి ఇచ్చే కేసరం ఎక్కువగా ఒక్కటే, మిగతావి నామమాత్రం. ఈ కుటుంబంలోని చాలా చెట్ల పూలలో కేసరాలకూ అండాశయానికీ మధ్య ఉంగరంలా ఒక చిన్న దిమ్మె ఉంటుంది. తేనె ఊరేది అక్కడే. ఈ కుటుంబం పువ్వును పోల్చుకోవడానికి వృక్షశాస్త్రవేత్తలు ముందు వెతికేది ఆ ఉంగరాన్నే.

ఒకే గుత్తిలో మగ పూలూ, రెండూ కలిసిన పూలూ ఉంటాయి. మగ పూలదే మెజారిటీ. మామిడి గుత్తిలో వెయ్యికి పైగా పూలున్నా చివరిదాకా నిలిచేది ఒకటో రెండో కాయలు, అదీ అదృష్టం ఉంటే. పూత బాగా వచ్చిందని రైతు సంబరపడడు. పూతకూ పిందెకూ మధ్య వారం రోజులు మబ్బు పడితే చాలు, మామిడికి తేనెమంచు పురుగు, బూడిద తెగులు పట్టుకుంటాయి. జీడికి టీ దోమ కొడితే పూత అంతా నిప్పు సెగ తగిలినట్టు మాడిపోతుంది. జనవరిలో పొగమంచు కమ్మిన పొలాల ఫోటో టూరిస్టుకు అందంగా ఉంటుంది. అదే మంచు చూసి తోట యజమానికి టెన్షన్ మొదలవుతుంది.

ఉద్దానం

జీడి కుటుంబాన్ని చూడాలంటే ముందు వెళ్లాల్సింది ఉద్దానం. ఉద్యానం అనే మాటే జనం నోట ఉద్దానం అయింది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల తీర భాగం ఇది. కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ కలగలిపి పెంచే తోటలు. పేరు చెప్పగానే బయటివాళ్లకు కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది, దాని కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ బాధ నిజమే. కానీ ఆ ఒక్క మాటతోనే ఉద్దానాన్ని తెలుసుకున్నామనుకోవడం అన్యాయం.

ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే పొడవైన తీరం శ్రీకాకుళం జిల్లాదే, 193 కిలోమీటర్లు. అందులో బీచ్ అని పేరున్నవి కొన్నే. సోంపేట మండలంలోని బారువ వాటిలో ఒకటి. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసేది అక్కడికి దగ్గర్లోనే. పాత రేవు, లైట్‌హౌస్, కొబ్బరితోటలు ఉన్న ఊరు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం కూడా. వజ్రపుకొత్తూరు మండలం అక్కుపల్లి దగ్గర శివసాగర్ బీచ్ ఇంకో రకం. అటు వెళ్లే దారికి రెండు వైపులా జీడితోటలే. జీడిచెట్టు పొడుగు పెరగదు, గొడుగులా పక్కలకు పరుచుకుంటుంది. కింది కొమ్మలు కొన్నిచోట్ల నేలను తాకుతాయి. అందుకే తోటలోంచి నడిచేటప్పుడు సముద్రం చప్పుడే గానీ సముద్రం కనిపించదు. ఆఖరి చెట్టు దాటాక ఒక్కసారిగా నీళ్లు ఎదురొస్తాయి. ఈ తీరం ప్రత్యేకత ఇదే. విశాఖలో సముద్రం రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది, ఇక్కడ తోట దాటితే గానీ దొరకదు.

ఇసుక నేలలో, కాలువ నీళ్లు అందని ఎర్ర దిబ్బల మీద ఇంకే పంటా నిలవని చోట జీడి నిలిచింది. వేళ్లు లోతుకు దిగుతాయి, ఆకు దళసరి. మొదట్లో ఈ చెట్టును తీరాల్లో నాటింది కూడా పప్పు కోసం కన్నా నేల కొట్టుకుపోకుండా పట్టి ఉంచడానికే. పప్పు వ్యాపారం తర్వాతి సంగతి.

తోటలోకి వెళ్లినవాళ్లు ఎక్కువగా పొరబడేది పండు విషయంలో. ఎర్రగానో పసుపుగానో గంటలా వేలాడే జీడిపండు అసలు పండే కాదు, ఉబ్బిన కాడ. అసలు కాయ దాని కింద కిడ్నీ ఆకారంలో బూడిద రంగులో వేలాడే పిక్క. మొదట పెరిగేది పిక్కే, కాడ ఉబ్బేది ఆఖర్న. నల్లజీడిలోనూ ఇదే ఏర్పాటు చిన్న సైజులో కనిపిస్తుంది. నల్లటి కాయకు పైన నారింజ రంగు కండ ఉంటుంది. మామిడి ఇలాంటి నాటకం ఆడదు, కండ అంతా కాయ లోపలే పెట్టుకుంటుంది. జీడిపండులో నారింజ కంటే కొన్ని రెట్లు ఎక్కువ సి విటమిన్ ఉంటుంది, రసం ధారగా కారుతుంది. తింటే గొంతు పట్టేస్తుంది, అందుకని పిల్లలు ఉప్పు అద్దుకుని తింటారు. కోసిన రోజే పాడవుతుంది. గోవాలో దీన్ని బట్టీ పెట్టి ఫెనీ అనే మద్యం చేస్తారు. ఇక్కడ చాలా భాగం చెట్ల కిందే కుళ్లిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లలో ఉద్దానం తోటల్లో వచ్చే పులిసిన తీపి వాసన అదే.

పిక్కలన్నీ పలాస, కాశీబుగ్గ బాట పడతాయి. పలాస జీడిపప్పును తెల్ల బంగారం అంటారు. ఇక్కడి తోటల పిక్కలు చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా సరుకు దిగుతుంది. ఉద్దానం జీడిపప్పు అని కొన్న ప్యాకెట్టులో ఏ ఖండం పిక్క ఉందో చెప్పడం కష్టం, పలాస చేతి పని మాత్రం గ్యారంటీ. పిక్కను ఆవిరిలో ఉడకబెట్టాలి, పెంకు కోయాలి, పప్పును ఆరబెట్టి పొట్టు తీయాలి, ఆపైన గ్రేడింగ్. పెంకు రెండు పొరల మధ్య తేనెపట్టులా ఉన్న గదుల్లో నూనె ఉంటుంది. చెయ్యి కాల్చేది అదే. ఆ నూనె పారేసే సరుకు కాదు, బ్రేకుల లైనింగుల్లో, రంగుల్లో, వార్నిష్‌లలో వాడతారు. కోత, పొట్టు తీత, గ్రేడింగ్ పనుల్లో ఎక్కువగా కనిపించేది ఆడవాళ్లే. యంత్రాలు వచ్చినా పప్పును గుండుగా, అంటే బద్దలవకుండా మొత్తంగా, బయటికి తీయడంలో చేతి నేర్పుకే విలువ.

కొట్లో డబ్బాల మీద రాసి ఉండే 180, 240, 320 అంకెలు చూసి పెద్ద అంకె అంటే మంచి రకం అనుకునేవాళ్లున్నారు. అది తిరకాసు లెక్క. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె చెబుతుంది. 180 రకం అయితే ఒక్కో గుండు రెండున్నర గ్రాములు, 320 అయితే గ్రామున్నరకు కాస్త తక్కువ. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధరా పెద్దదే. పాయసానికి బద్ద చాలు, రుచిలో తేడా ఉండదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ నష్టాన్ని ఒక్క ఏడాది పంట నష్టంతో పోల్చడం సరికాదు. అక్టోబరులో జీడిచెట్టు మీద పూతా ఉండదు, కాయా ఉండదు. గాలి పట్టుకుపోయింది చెట్టునే. విశాలంగా పరుచుకునే కొమ్మలే గాలికి తెరచాపలయ్యాయి, ముసలి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఉద్దానంలో జీడితోట తాత నాటితే మనవడు ఏరుకునే ఆస్తి. అంటుమొక్క అయితే మూడు నాలుగేళ్లకు కాపు మొదలవుతుంది గానీ నిండు కాపుకు ఎనిమిది, పదేళ్లు కావాలి. బాపట్ల పరిశోధన స్థానం నుంచి వచ్చిన బీపీపీ 8 లాంటి రకాల అంట్లు అక్కడక్కడా వరసల్లో కనిపిస్తాయి. వంకర మొదళ్ల పాత తోటకూ వరసల కొత్త తోటకూ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు, దారి పక్క ఆగితే తెలిసిపోతుంది.

మందస దగ్గర ఆగడానికి కారణాలు మూడు. వాసుదేవ పెరుమాళ్ గుడి, కోవా, ఆకాశం తేటగా ఉన్న రోజు కనిపించే మహేంద్రగిరి. 1501 మీటర్ల ఆ కొండ ఒడిశాలోది, కానీ ఉద్దానానికి వెనక గోడ అదే.

కొండవైపు

శాలిహుండం వంశధార కుడి గట్టున ఉన్న కొండ. పైకి ఎక్కితే స్తూపాల శిథిలాలు, కింద నది, దూరంగా కళింగపట్నంలో అది సముద్రంలో కలిసే చోటు. ఈ బౌద్ధ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగే. సవర గిరిజనుల భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిందీ ఆయనే. ఈ కుటుంబంలో అడవి శాఖ గురించి తెలుసుకోవాలంటే ఆ సవరల కొండలకే వెళ్లాలి.

సీతంపేట కొండలు 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లావే, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. పాలకొండ మీదుగా వెళ్లేవాళ్లకు ఆ గీత ఎక్కడుందో తెలియదు. ఆడలి వ్యూ పాయింట్, మెట్టుగూడ జలపాతం పేరు పడ్డ చోట్లు. వర్షాకాలం చివర్లో వెళ్తే పచ్చదనం, మబ్బులు, నీళ్లు. ఎండాకాలం మొదట్లో వెళ్తే ఫోటోలు అంత బాగా రావు గానీ చెట్లు బాగా తెలుస్తాయి. ఆకురాల్చే అడవిలో ఆకులు లేనప్పుడే ఏ చెట్టు ఏదో కనిపెట్టడం సులువు.

గుంపెన అప్పుడు మోడులా ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో ఆ మోడు కొమ్మల చివర్లే సన్నటి పూగుత్తులు వేస్తాయి. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. దీని కొమ్మ విరిచి కంచెకు పాతితే చిగురిస్తుంది, అందుకే ఊళ్లలో పొలం గట్లన్నిటా ఉంటుంది. కోరమండల్ తీరం పేరు శాస్త్రీయ నామంలో మోస్తున్న ఈ చెట్టును ఆ తీరంలో పనిగట్టుకుని చూసేవాళ్లు ఒక్కరూ ఉండరు. అంబాళం కూడా ఆకులు రాలాకే పూస్తుంది. పుల్లటి కాయ, పచ్చడికి పనికొస్తుంది. కొండమామిడి అనే పేరు దానికి అందుకే వచ్చింది.

సార కథ వేరు. ఎండల్లో నల్లగా పండే చిన్న కాయ, పైన తీపి గుజ్జు, లోపల గట్టి పెంకు, ఆ పెంకులో కందిగింజంత పప్పు. కిలో సారపప్పు ధర జీడిపప్పుతో పోటీ పడటానికి కారణం ఆ పెంకు కొట్టే శ్రమే. జీడికి పలాస ఉంది, సారకు పలాస లేదు. నల్లజీడి పిక్కల్లాగే అదీ చిరు అటవీ ఉత్పత్తి, గిరిజనులు ఏరుకొచ్చి సంతలో అమ్మేది. పండు అందకపోతే కొమ్మ నరికే అలవాటు వల్ల సారచెట్లు పలచబడుతున్నాయి. తోటగా వేసే చెట్టూ, అడవిలో ఏరుకునే చెట్టూ ఒకే కుటుంబంలో పుట్టినా బతుకులు వేరు. తుపానుకు పడిపోయిన జీడికి నష్టపరిహారం లెక్క ఉంటుంది, గొడ్డలికి పడిపోయిన సారకు ఏ లెక్కా ఉండదు.

నల్లజీడి చెట్టును చూపిస్తే చూడొచ్చు గానీ ముట్టుకోకూడదు. కొందరికి కాయ రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. గైడ్‌గా వచ్చిన ఊరి మనిషి దూరం నుంచే చూపించి పక్కకు నడిస్తే అతని వెనకే నడవడం మంచిది.

విజయనగరం: అక్క ఇల్లు

శ్రీకాకుళం జీడిదైతే విజయనగరం దాని అక్క మామిడిది. గంట్యాడ, నెల్లిమర్ల, కొత్తవలస వైపు రోడ్లన్నీ మామిడితోటల మధ్యే. ఇక్కడి పేరున్న రకం సువర్ణరేఖ. మిగతా రకాల కంటే ముందు పండుతుంది, ఎండ తగిలే బుగ్గ ఎర్రగా తిరుగుతుంది. ముందు పండటమే దాని బలం. ఉత్తరాది మార్కెట్లలో పోటీ మొదలుకాకముందే లారీ అక్కడికి చేరుతుంది. మామిడి ఏడాది విడిచి ఏడాది కాస్తుంది గనక, కిందటేడు విరగకాసిన తోటకు ఈ ఏడు వెళ్లి నిరాశపడటం మామూలే.

గంట్యాడ మండలంలో గోస్తని మీద 1960లలో కట్టిన తాటిపూడి రిజర్వాయరు విశాఖకు తాగునీళ్లిస్తుంది. చుట్టూ తూర్పు కనుమల కొండలు, మధ్యలో నిశ్చలమైన నీళ్లు. ఫిబ్రవరిలో అటు వెళ్తే పూతకొచ్చిన మామిడితోటల వాసన దారంతా వెంట వస్తుంది. ఆ వాసనకు తేనెటీగల కంటే ఈగలే ఎక్కువ వస్తాయి, మామిడికి పరాగ సంపర్కం చేసేవాటిలో వాటి వాటా పెద్దది. పూత సమయంలో విచ్చలవిడిగా మందు కొడితే పురుగుతో పాటు కాపునిచ్చే ఈగ కూడా పోతుంది.

రామతీర్థంలో రాముడి గుడి చూసి, గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలకు ఎక్కినవాళ్లకు కింద చెరువులూ, పొలాలూ, తోటలూ పటం పరిచినట్టు కనిపిస్తాయి. శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరి ధారలు అరకు వెళ్లే జనం దాటేసే చోటు. ఒక గంట ఆగితే నష్టం లేదు. పూసపాటిరేగ మండలంలో చింతపల్లి బీచ్, లైట్‌హౌస్ ఉన్నాయి.

లక్కవరపుకోట మండలం భీమాళికి మాత్రం చూడదగ్గ ప్రదేశాల పట్టికలో చోటు ఉండదు. ఉండాలి. మామిడి తాండ్రకు పేరున్న ఊరది. మామిడి రసం తీసి తీపి కలిపి చాపల మీద పలచగా పోస్తారు. ఎండకు ఆ పొర ఆరాక దాని మీద ఇంకో పొర. అలా రోజుల తరబడి పొర మీద పొర. ఆరుబయట వరసగా పరిచిన ఆ చాపలు ఏ బీచ్ ఫోటోకూ తీసిపోవు. మధ్యలో వాన పడితే మొత్తం పోతుంది, అందుకే ఆ ఊళ్లో మేనెలలో అందరి చూపూ ఆకాశం మీదే. బట్ట మీద నల్లజీడి మచ్చ ఎలా నిలుస్తుందో, ఏడాది పొడవునా తాండ్రలో మామిడి అలా నిలుస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి

ఈ రెండు జిల్లాలకు నవంబరు నుంచి జనవరి వరకు మంచి కాలం అని అందరూ చెబుతారు. చల్లదనం ముఖ్యమైతే అది నిజం. ఈ కుటుంబాన్ని చూడాలంటే మార్చి రెండో వారం మేలు. ఆ రోజుల్లోనే అరసవల్లిలో ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి, మళ్లీ అక్టోబరు మొదట్లో తప్ప ఆ దృశ్యం దొరకదు. తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇంకా వెళ్లిపోవు. గుంపెన మోడు మీద పూత ఉంటుంది, మామిడి పిందె పట్టి ఉంటుంది, ఉద్దానంలో జీడిపళ్లు రంగు తిరగడం మొదలవుతుంది. పొద్దున ఎనిమిది లోపల, సాయంత్రం నాలుగు తర్వాత తిరిగితే ఎండ పెద్ద ఇబ్బంది కాదు.

రైలులో వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, శ్రీకాకుళంలో కాదు. ఉద్దానానికే అయితే పలాసలోనో సోంపేటలోనో దిగడం దగ్గర.

తోటలోకి వెళ్లేముందు అక్కడున్నవాళ్లను ఒక మాట అడగాలి. చాలామంది కాదనరు. పచ్చి పిక్కను పంటితో కొరికి చూడాలనే సరదా మాత్రం వద్దు, పెదవీ నాలుకా కాలి వారం పాటు మజ్జిగన్నమే గతి అవుతుంది. చెట్టు కింద రాలిన జీడిపండు తింటే ఎవరూ ఏమీ అనుకోరు. తిన్నాక పిక్కను తుంచి కుప్పలో వేయాలి. పండు ఎవరు తిన్నా పిక్క రైతుది, అది 80 కిలోల బస్తాలోకి వెళ్లి పలాస చేరాల్సింది.